వరదలో పోని పెట్టె

కర్నూలులో ఒక వస్తువు కనబడకపోతే, వరదలో పోయిందనడమంత సులువైన పని ఇంకొకటి లేదు. రెండువేల తొమ్మిది అక్టోబరులో తుంగభద్ర ఊరి మీదికి వచ్చినప్పుడు పోయినవి ఎటూ పోయాయి. ఆ తర్వాత కూడా జనం పదిహేనేళ్లుగా ఒక్కొక్కటే అందులో వేస్తూనే ఉన్నారు. పాసు కాని పరీక్షల సర్టిఫికెట్లు, తిరిగివ్వని లైబ్రరీ పుస్తకాలు, పెళ్లికి ముందు ఎవరో రాసిన ఉత్తరాలు, అన్నీ అందులోనే. ఎవరూ తర్కించరు. అడిగేవాడు కూడా అందులో ఏదో ఒకటి వేసినవాడే అయ్యుంటాడు.

ఓబుళేశు వేసింది ఒక పెట్టె. అసలు ఎన్నడూ లేని పెట్టె.

ఇప్పుడు కర్నూలును ఆనుకున్న కల్లూరులో ఓబుళేశు అంటే ప్లాస్టిక్ పైపుల ఓబుళేశే. బోరు వేయించిన రైతు ఎవరైనా ఆయన అంగడి మెట్లు ఎక్కాల్సిందే. అరవై ఒకటి దాటినా జుట్టు మెడ మీద పడేట్టు ఉంచుకుంటాడు గనక, తెలియనివాళ్లు ఏదో మొక్కు అనుకుంటారు. మొక్కేం కాదు. పంతొమ్మిదివందల ఎనభై ఆరులో, హేలీ తోకచుక్క వచ్చిన ఏడు, కర్నూలులో చదువుకునే ముగ్గురు స్నేహితులు ఆలూరు దగ్గర ఒక గుట్ట ఎక్కి దాన్ని చూసొచ్చారు. చూశామని గొప్పగా చెప్పుకున్నారు గానీ, వాళ్లకు కనబడింది వేలితో సున్నం పూసినంత మరక. ఆ మరక చూసి గుట్ట దిగేలోపే ముగ్గురికీ పిచ్చి పట్టింది. గిటారు ఓబుళేశు, కీబోర్డు సుందరం, డ్రమ్ములు వీరభద్ర. బ్యాండు పేరు తోకచుక్క.

తాము వాయించేదాన్ని స్పేస్ రాక్ అంటారని వాళ్లకు అప్పట్లో తెలియదు. పాట మొదలైతే పావుగంట దాకా ఆగేది కాదు. మాటలు నాలుగే ఉండేవి. గిటారు ఒక స్వరం పట్టుకుని అక్కడే తిరిగి తిరిగి, ఎప్పుడో ఒకప్పుడు నేల వదిలి పైకి లేచేది. పెళ్లిళ్లలో వాయించమని పిలిచినవాళ్లు రెండోసారి పిలవలేదు. ఎనభై తొమ్మిదిలో ఒక క్యాసెట్టు వేశారు. అది కొన్నవాళ్లు కొన్నారు, ఎక్కువమంది కొనలేదు. సుందరం లెక్కల మాస్టరయ్యాడు. వీరభద్ర ఆర్టీసీ గ్యారేజీలో మెకానిక్కయ్యాడు. తోకచుక్క వచ్చినట్టే వచ్చి వెళ్లిపోయింది.

అక్కడితో అయిపోవాల్సింది. కానీ ఆ క్యాసెట్టును ఎవరో ఇంటర్నెట్టులో పెట్టారు. ఆ తర్వాత జపాను నుంచి ఒకడు, పోలండు నుంచి ఒకడు, బెంగుళూరు నుంచి నలభైమంది ఉత్తరాలు రాయడం మొదలుపెట్టారు. అందరి ప్రశ్నా ఒకటే. ఆఖరి పాట 'శని వాకిలి'లో గిటారు మొదట పక్క గదిలో మోగినట్టుంటుంది, తర్వాత పెద్ద చర్చిలో మోగినట్టు, ఆ తర్వాత దానికి గోడలే లేనట్టు. ఆ ప్రతిధ్వని ఏ యంత్రంతో చేశారు?

ఇంటర్వ్యూ తీసుకోవడానికి వచ్చిన ఒకడు అదే అడిగినప్పుడు ఓబుళేశు ఒక్క క్షణం తడబడ్డాడు. తర్వాత నోరు దానంతట అదే పలికింది. "నేనే ఒక పెట్టె తయారుచేసుకున్నా. వరదలో పోయింది."

ఇంటర్వ్యూ తీసుకునేవాడు అయ్యో అన్నాడు. పక్కనే కూర్చున్న సుందరం కళ్లజోడు తుడుచుకున్నాడు. వీరభద్ర నిజమే అన్నట్టు తలూపాడు. పాత స్నేహితుల్లో ఉండే పెద్ద దోషం అదే, ఒకరి అబద్ధాన్ని ఇంకొకరు చక్కగా మోస్తారు.

ఆ పెట్టె పేరు చెప్పుకునే ఇంత దూరం వచ్చారు. ముప్పై అయిదేళ్ల తర్వాత 'తోకచుక్క' కొత్త ఆల్బం వస్తోంది, పేరు 'మలి చూపు'. దాన్ని రికార్డు చేస్తున్నది తనూజ. కల్లూరులో మేడ మీద స్టూడియో పెట్టుకున్న సౌండ్ ఇంజనీరు, ముప్పై నాలుగేళ్ల మనిషి, చెవులు మాత్రం పిల్లికుంటాయే అట్లాంటివి. మూడు వారాల్లో ఎనిమిది పాటలు పూర్తయ్యాయి. ముసలాళ్లు అద్భుతంగా వాయించారు. అబద్ధం కాదు, వీరభద్ర మోకాళ్లకు పట్టీలు చుట్టుకుని కొట్టిన దెబ్బలకు స్టూడియో గాజు తలుపు వణికింది. మిగిలింది ఒక్కటే, 'శని వాకిలి' రెండో భాగం. పంతొమ్మిది నిమిషాల పాట. అది లేకుంటే ఆల్బం లేదు. ఆ ప్రతిధ్వని లేకుంటే ఆ పాట లేదు.

"మీరు చేసిందే గదా సార్, ఇంకోటి చేయండి," అంది తనూజ.

ఓబుళేశు చేయబోయాడు. కంప్యూటరులో ఉన్న ప్రతిధ్వనులన్నీ వరుసగా పెట్టి విన్నాడు. స్నానాల గదిలో వాయించాడు. మిద్దె మీది నీళ్ల సింటెక్సు ఖాళీ చేయించి అందులో మైకు వేలాడదీశాడు. ఆఖరికి తన అంగడిలోనే ఉన్న పెద్ద పైపులోకి తల దూర్చి పాడాడు. కొనడానికి వచ్చిన రైతు ఒకాయన అది చూసి, పైపు బాగుందో లేదో అట్ల చూస్తారేమో అనుకుని తానూ తల దూర్చి చూసుకున్నాడు. ఏదీ కుదరలేదు.

నాలుగో రోజు తనూజ పాత క్యాసెట్టు పెట్టి ఓబుళేశును పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఇది వినండి సార్. మీ గిటారు ఈడ పైకి లేస్తుంది. కానీ ప్రతిధ్వని దానికి రెండు సెకన్ల ముందే పెద్దదవుతాంది. ప్రతిసారీ అంతే. మీరు ఏం వాయించబోతారో దానికి ముందే తెలుసు. పెట్టెకు ముందే ఎట్ల తెలుస్తుంది? ఇది యంత్రం కాదు. దీన్ని ఎవరో వాయిస్తాండారు."

"లేవి అని ఒకాయన," అన్నాడు ఓబుళేశు చివరికి. "కోసిగి ఆయప్ప. మైక్‌సెట్టు ఉండేది. మా కళ్లం పక్కన రాతి పాతర ఉండె, గింజలు పోసుకునే గుంత. దాంట్లోకి మైకు దించి ఏందో చేసినాడు."

"మరి క్యాసెట్టు మీద ఆయన పేరు లేదే?"

"మైక్‌సెట్టు వాళ్ల పేరు ఎవరేస్తారమ్మా," అన్నాడు ఓబుళేశు.

ఎంత మామూలుగా అన్నాడంటే, వాన పడటంలేదు అన్నంత మామూలుగా అన్నాడు. అన్నాక ఆ మాట తనకే వినబడింది. తనూజ క్యాసెట్టు ఆపింది. ముప్పై అయిదేళ్ల కింద కవరు అచ్చువేయించేటప్పుడు కూడా ఎవరూ కుట్ర చేయలేదు, ఎవరూ లేవి మీద కక్ష పెట్టుకోలేదు. పెండ్లిపత్రికలో షామియానా వేసినవాడి పేరు వేయనట్టే వేయలేదు, అంతే. ఆలోచన కూడా రాకపోవడమే అసలు తప్పని ఓబుళేశుకు ఆ గదిలో మొదటిసారి తోచింది.

మరునాడు పొద్దున్నే కోసిగికి బయల్దేరాడు.

ఫిబ్రవరిలో కోసిగి వీధుల్లో సగం తలుపులకు తాళాలు ఉంటాయి. జనమంతా సుగ్గికని గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోయి ఉంటారు. లేవి ఇల్లు వెతకాల్సిన పని లేకపోయింది. మిద్దె మీద నాలుగు మైకు బూరలు, గోడకు ఆనించి తుప్పు పట్టిన ఇనుప పెట్టె, దాని మీద 'లేవి సౌండ్స్' అని నీలం రంగులో రాత. అరుగు మీద ఒక ముసలాయన వైరును మోచేతికి, బొటనవేలికి మధ్య చుట్టుకుంటూ కూర్చున్నాడు. డెబ్బై ఉంటాయి. ఓబుళేశును చూసి చుట్టడం ఆపలేదు.

"ఏమప్పా ఓబుళేశప్పా, జుట్టు అట్లే ఉండాదే," అన్నాడు. "కూచో. జ్ఞానమణీ, ఎవరొచ్చినారో చూడు."

లోపల్నుంచి ఆయన భార్య జ్ఞానమణి నీళ్ల చెంబుతో వచ్చింది. ఎవరో తెలియగానే నవ్వింది.

"పాటలాయప్పవా నువ్వు? మంచిగా వచ్చినావు. ఒక సంగతి తేల్చిపో. ఈయన ఏడాదికి నాలుగు మార్లు ఆ క్యాసెట్టు మైకులో పెట్టి, ఆ సద్దు నాదే, నాదే అని ఊరందరికీ చెప్తాడు. ఊర్లో వాండ్లు పాతర లేవి అని పేరు పెట్టి నవ్తారు. నాకి తల కొట్టేసినట్టుంటాది. ముప్పై అయిదేండ్లాయ. నిజంగా ఆ సద్దు ఈయన చేసిందేనా?"

లేవి చేతిలో వైరు ఆగింది. తల ఎత్తలేదు.

ఔను అంటే అయిపోయేది. ఒక్క మాట. కానీ అదే నోటితో ఎన్నిసార్లు, ఎంతమందికి పెట్టె కథ చెప్పాడో ఓబుళేశుకు ఒక్కసారిగా గుర్తొచ్చింది. ఈ మాట ఈ అరుగు దాటి పోదని తెలుసు. అయినా నాలుక మడత పడింది.

"సాయం చేసినాడు," అన్నాడు. "శానా సాయం చేసినాడు."

"అదీ సంగతి," అంది జ్ఞానమణి. ఎగతాళిగా అనలేదు. జాలిగా అంది. మొగుడి వైపు ఒక చూపు చూసి లోపలికి పోయింది. లేవి మళ్లీ వైరు చుట్టుకోసాగాడు. ఓబుళేశు నీళ్ల చెంబు తాగకుండానే పక్కన పెట్టాడు. ఏ పని కోసం వచ్చాడో చెప్పడానికి ముఖం చెల్లలేదు గానీ, చెప్పకుండా పోయే ధైర్యమూ లేదు. చెప్పాడు.

లేవి అంతా విని ఒకే ఒక్క మాట అడిగాడు. "పాతర ఉండాదా ఇంకా?"

ఉంది. ఆలూరు పక్కన ఓబుళేశు వాళ్ల పొలంలో, కళ్లం అంచున. ఆ చుట్టుపక్కల పాతరలన్నీ ఎప్పుడో పూడిపోయాయి. ఇది రాతిలో తొలిచింది గనక నిలిచింది. పైన రెండడుగుల నోరు, లోపల కుండలాగా పొట్ట, మూడాళ్ల లోతు. నోటి మీద గుండ్రటి నాపరాయి మూత. కరువు రోజుల్లో ఊరి జొన్నలు అందులోనే ఉండేవట. ఇప్పుడు చీకటి తప్ప ఏమీ లేదు.

ఆ శుక్రవారం పొద్దున అందరూ అక్కడ చేరారు. తనూజ వేపచెట్టు కింద తన సామాను పరుచుకుంది. సుందరం, వీరభద్ర మోటరు షెడ్డులో తమ వాయిద్యాలు పెట్టుకున్నారు. పాత రికార్డింగప్పుడు ఓబుళేశు కూడా అదే షెడ్డులో ఉన్నాడు, తలుపులు మూసుకుని. బయట లేవి ఏం చేశాడో ముగ్గురిలో ఒక్కడూ వచ్చి చూడలేదు. ఈసారి ఓబుళేశు కుర్చీ తెచ్చుకుని పాతర పక్కనే వేసుకున్నాడు.

మూత జరపగానే లేవి లాంతరు వెలిగించి తాడుతో లోపలికి దించాడు. నిలువు లోతు పోకముందే దీపం ఆరిపోయింది.

"గాలి సచ్చిపోయింది," అన్నాడు. "ఇప్పుడు దిగితే మనమూ అంతే."

వేపమండలు మోపుగా కట్టి, తాడుకు వేసి, బావిలో నీళ్లు చేదినట్టు పైకీ కిందికీ లాగుతూ పోయాడు. వీరభద్ర చేయి వేయబోతే వద్దన్నాడు. అరగంట తర్వాత లాంతరు అడుగు దాకా పోయింది, ఆరలేదు. అప్పుడు నిచ్చెన వేసుకుని డెబ్బై ఏళ్ల మనిషి లోపలికి దిగాడు. అక్కడ నిలబడి ఒక్క చప్పట కొట్టాడు. విన్నాడు. రెండడుగులు జరిగి ఇంకొకటి కొట్టాడు. మైకు బూరను ఎటు తిప్పాలో అట్లా గోడను అడిగి తెలుసుకున్నాడు. ఓబుళేశు గిటారు వైరు ఆ బూరలోకి పోతుంది. పాతర పొట్టలో తిరిగిన ధ్వనిని మెడ దగ్గర వేలాడదీసిన మైకు పట్టుకుంటుంది. చెప్పుకుంటే ఇంతే.

పైకి వచ్చాక లేవి పాతర నోటి అంచుకు ఆముదం పూశాడు, మూత జరిగేటప్పుడు రాయి కీచుమనకుండా. గడ్డపార మొనకు తడి గోనెపట్టా చుట్టాడు. ఎడమ అరచేయి నేలకు ఆనించి, మూత పక్కన బోర్లా పడుకున్నాడు.

"కానీండప్పా," అన్నాడు.

పాట మొదలైంది. షెడ్డులోనుంచి సుందరం కీబోర్డు సన్నగా గుయ్యిమంటూ వచ్చింది, వీరభద్ర దూరంగా తట్టాడు. ఓబుళేశు తన స్వరం పట్టుకున్నాడు. చెవులకు పెట్టుకున్న హెడ్‌ఫోనులో అది చిన్న గదిలో మోగినట్టు మోగింది. మూత అప్పుడు సగం తెరిచి ఉంది. లేవి గడ్డపారను ఒక్క వేలి వెడల్పు నెట్టాడు. గది పెద్దదయింది. ఇంకో వేలు నెట్టాడు. గోడలు వెనక్కి జరిగాయి. ఓబుళేశు వాయించడం మరిచిపోబోయి సర్దుకున్నాడు. మూత మూసుకునేకొద్దీ ఆకాశం పెద్దదవుతోంది. ఇన్నేళ్లూ ఆ సంగతి తనకు తెలియనే తెలియదు. మూత తెరుచుకుంటేనే ఆకాశం వస్తుందని ఎవడైనా అనుకుంటాడు.

అంతకన్నా విచిత్రం ఇంకొకటి ఉంది. ఓబుళేశు పైకి లేవాలని మనసులో అనుకునేలోపే లేవి చేయి కదులుతోంది. ముందే కదలాలి మరి, రాయి బరువు, పాతర నిండాలి, నిండటానికి రెండు సెకన్లు పడుతుంది. ఆ రెండు సెకన్లు ముందుగా పాట ఎటు పోతుందో తెలిసినవాడే ఆ పని చేయగలడు. తను ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో, ఎక్కడ బెదురుతాడో, ఎక్కడ ఊరికే గొప్ప కోసం రెండు స్వరాలు ఎక్కువ వేస్తాడో లేవికి తెలుసు. ఆ గొప్ప స్వరాలు వచ్చిన ప్రతిసారీ మూత తెరిచి వాటిని చిన్నవి చేసేస్తున్నాడు. ఓబుళేశుకు సిగ్గేసింది, ఆ వెంటనే నవ్వొచ్చింది. ఆ తర్వాత వాటిని వేయడం మానేశాడు. పన్నెండో నిమిషం దగ్గర లేవి మూత మొత్తం మూసేసి, కళ్లు మూసుకుని, నేల మీద చెంప ఆనించాడు. గిటారు స్వరం ఒక్కటి అట్లా పోతూనే ఉంది. ఎండలో, చెనిక్కాయ చేను పక్కన, గోడలే లేని చోట అది తిరుగుతున్నట్టు ఓబుళేశుకు ఒళ్లంతా తెలిసింది. ప్రపంచంలో ఇంత అందమైన ధ్వని తన చేత్తో పుట్టదని, పుట్టలేదని, ఇన్నాళ్లూ పుట్టిందని చెప్పుకున్నానని ఆ క్షణంలో పూర్తిగా అర్థమైంది. బాధపడటానికి కూడా తీరిక లేదు, ఇంకా ఏడు నిమిషాల పాట మిగిలి ఉంది. ముగ్గురూ తమ జీవితంలో ఎన్నడూ వాయించనంత బాగా వాయించారు.

పాట అయిపోయాక షెడ్డులోనుంచి సుందరం, వీరభద్ర వచ్చి లేవి పక్కన నేల మీద కూర్చున్నారు. తనూజ హెడ్‌ఫోను తీసి ఒళ్లో పెట్టుకుని, పుస్తకం తెరిచి, "పెద్దాయనా, మీ పేరు పూర్తిగా ఎట్ల రాయమంటారు? ఏ వాయిద్యం అని వేయమంటారు?" అని అడిగింది.

"లేవి, పాతర అని ఏసుకోమ్మా," అన్నాడు లేవి. "సంతోషమే."

అందరూ సామాను సర్దుకుంటుంటే ఓబుళేశు వైరు చుట్టడానికి వంగాడు. లేవి రెండో కొస అందుకున్నాడు. ఇద్దరే ఉన్నారు.

"నేను తప్పు చేసినా లేవీ," అన్నాడు ఓబుళేశు. "పెట్టె చేసినానని చెప్పుకున్నా."

"తెలుసప్పా. మా మనవడు ఫోనులో ఇనిపిచ్చినాడు." లేవి వైరు చుట్టుకుంటూనే ఉన్నాడు. "దానికి నాకేం కాలా. ఊరంతా నవ్వినా ఏం కాలా. సద్దు ఎవరిదో నాకి తెలుసు గదా. కానీ మొన్న మా ఆడామె నోరు తెరిచి అడిగితే సాయం అంటివి. ఆయమ్మ మొకం చూస్తివా? ఇన్నేండ్లు అబద్దమేమో అని అనుమానం ఉండె. ఇప్పుడు అబద్దమే అని తేలిపాయ. అది నాకి శానా కష్టంగా ఉండాదప్పా."

ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే ఓబుళేశుకు సులువుగా ఉండేది.

ఏప్రిల్‌లో ఆల్బం తయారైంది. కవరు మీద నాలుగు పేర్లు పడ్డాయి. అందరూ బాగుందన్నారు. జపాను నుంచి, పోలండు నుంచి, పాతర అంటే ఏమిటని ఉత్తరాలు వచ్చాయి. ఓబుళేశు ప్రతి ఉత్తరానికీ నిజమే రాశాడు. ఇంగ్లీషులో నిజం రాయడం పెద్ద కష్టమేమీ కాలేదు. ఎంతమందికి రాసినా ఆ కోసిగి అరుగు మాత్రం ఆయన మనసులోంచి కదల్లేదు. జ్ఞానమణి పోలండులో లేదు.

ఈస్టరు ఆదివారం కోసిగికి పోయాడు. వెంట తనూజ, సుందరం, వీరభద్ర. సుగ్గికి పోయినవాళ్లు పండగకు తిరిగొచ్చారు, వీధి నిండుగా ఉంది. చర్చి వదిలారు. లేవి తెల్ల చొక్కాతో అరుగు మీద ఆంప్లిఫయరు ముందు కూర్చుని, తనూజ ఇచ్చిన పాటను మిద్దె మీది నాలుగు బూరల్లోకీ వదిలాడు.

మొదటి అయిదు నిమిషాలు వీధివాళ్లు ఇది మైకు పరీక్ష అనుకున్నారు. ఒక ముసలామె, పాట ఎప్పుడు మొదలైతాదని అడిగింది. ఎవరో నవ్వి, మొదలై శానాసేపాయలే అన్నారు. కానీ పన్నెండో నిమిషానికి, పోయే స్వరం పోతూనే ఉన్నప్పుడు, మాటలు ఆగిపోయాయి. గోడలకు ఆనుకున్నవాళ్లు గోడలు వదిలి నిలబడ్డారు. ఇందాక అడిగిన ముసలామె తల ఎత్తి మిద్దె మీద ఏముందో అని చూసింది. పాట ముగిశాక, "మళ్లీ నీదేనంటావా పాతర లేవీ?" అని ఎవరో వెనకనుంచి అన్నారు. నవ్వులు లేచాయి. లేవి కూడా నవ్వాడు, అలవాటు కొద్దీ.

ఓబుళేశు లేచి మైకు అడిగి తీసుకున్నాడు. వ్యాపారుల సంఘం సమావేశాల్లో గంటలు గంటలు మాట్లాడినవాడు. ఇప్పుడు మైకును ఛాతీ దగ్గరే పట్టుకున్నాడు.

"ఈ పాటలో మీరు విన్న ఆ ధ్వని," అన్నాడు, నేల చూస్తూ, గొంతులోనే, "అది నేను చేసింది కాదు. లేవి చేసినాడు."

బూరల్లో ఏదో గుసగుస మాత్రం వచ్చింది. వీధిలో ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఇనపడలేదప్పా," అన్నాడు లేవి ఆంప్లిఫయరు దగ్గర నుంచి, ఏ పెండ్లిలోనైనా ఎవరికైనా చెప్పేంత మామూలుగా. "మైకు నోటి కాడ పెట్టుకో. మళ్లా చెప్పు."

ఓబుళేశు తల ఎత్తాడు. మైకు పెదవులకు ఆనించుకున్నాడు.

"నా పేరు ఓబుళేశు. గిటారు వాయించేది నేను. ఆ ధ్వని నాదని ఇన్నేండ్లు దేశమంతా చెప్పుకున్నా. అబద్ధం చెప్పినా. అది మొదట్నుంచీ లేవిది. ముప్పై అయిదేండ్లుగా ఈయప్ప మీకు చెప్తాండేది నిజం. ఈయప్ప ఊరికే సాయం చేయలేదు. ఆ పాటను వాయించిందే ఈయప్ప."

మాటలు నాలుగు బూరల్లోంచి వెళ్లి వీధి చివరి రేకుల షెడ్డుకు తగిలి తిరిగొచ్చాయి. నవ్వినవాడు ఎక్కడున్నాడో తెలియలేదు. వీరభద్ర ముక్కు చీదుకున్నాడు. సుందరం కళ్లజోడు తీసి తుడుచుకోకుండా అట్లాగే పట్టుకున్నాడు.

అప్పుడు వంటింటి వైపు నుంచి జ్ఞానమణి వచ్చి గడపలో నిలబడింది. చేతికి మసాలా అంటుకుని ఉంది. వీధంతా అట్లా బిగుసుకుని నిలబడటం చూసి ఆమె కంగారు పడింది.

"ఏమాయ? ఏమంటాండాడు ఆయప్ప? మిక్సీ సద్దులో నాకి ఒక్క ముక్క ఇనపడలా."

చెప్పబోయిన ఒకామెను పక్కనున్నామె చేయి పట్టి ఆపింది. లేవి భార్య వైపు చూడలేదు. ఆంప్లిఫయరులో ధ్వని పెంచే మీటను చివరిదాకా తిప్పి, ఓబుళేశు వైపు చూశాడు.

ఓబుళేశు వీధికి వీపు తిప్పి గడప వైపు తిరిగాడు.

"జ్ఞానమణక్కా," అన్నాడు. "ఆ దినం నువ్వు అడిగినప్పుడు నేను సరిగ్గా చెప్పలా. ఆ సద్దు లేవిదే."